మిద్దె, గోడ, పందిరి: మన పట్టణాలకు తగిన నిలువు సాగు

నగర భవనాలలో అంతస్తులవారీగా పంటలు పండించే ‘నిలువు సాగు’ అనే భావన నేడు వ్యవసాయ విద్యాలయాలలో విశేషమైన ఆకర్షణ పొందుతున్నది. స్నాతకోత్తర విద్యార్థుల సెమినార్లలోను, అంకుర సంస్థల పోటీలలోను ఈ అంశం తరచుగా కనబడుతున్నది. సాగుభూమి తరిగిపోతున్నది, పట్టణ జనాభా పెరుగుతున్నది, కాబట్టి పంటను భవనంలోకి ఎక్కించాలి అన్నది ఈ వాదన సారాంశం. వినడానికి సహేతుకంగానే తోస్తుంది. అయితే ఏ పట్టణంలో, ఏ పంటకు, ఎంత ఖర్చుతో అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లభించిన తరువాతనే విస్తరణ వ్యవస్థ దీనిని స్వీకరించాలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో అందుకు ధర్మపురి పట్టణాన్ని కొలబద్దగా తీసుకుంటున్నాను.

ధర్మపురిని ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. గోదావరి ఒడ్డున శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఈ క్షేత్రం పూర్వపు కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్నది. ఇది హైదరాబాదు వంటి మహానగరం కాదు. ఇటీవలనే పురపాలక సంఘంగా మారిన చిన్న పట్టణం. తెలంగాణలో రాబోయే కాలంలో వేగంగా కాంక్రీటుగా మారబోయేవి ఇటువంటి పట్టణాలే. గోదావరి పుష్కరాలు 2015 జూలైలో జరిగాయి; మళ్లీ 2027లో రానున్నాయి. ప్రతి పుష్కరానికి ముందు ఘాట్లు, రోడ్లతోపాటు సత్రాలు, వసతి గృహాలు, దుకాణ సముదాయాలు కట్టుకోవడం నదీతీర క్షేత్రాలలో సహజం. ఒకసారి పోసిన స్లాబు కనీసం నలభై, యాభై సంవత్సరాలు ఉంటుంది. ఆ స్లాబు మీద పంట పండుతుందా లేక ఎండ కాగి గదులను కొలిమిగా మారుస్తుందా అన్నది సెంట్రింగ్ కొట్టకముందే తేలవలసిన విషయం. అందువల్ల ఈ చర్చకు ఇదే తగిన సమయం.

భావన నడచిన దారి

‘వర్టికల్ ఫార్మింగ్’ అనే మాటను 1915లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ ఎల్లిస్ బెయిలీ తన గ్రంథానికి పేరుగా పెట్టాడు. ఆయన ఉద్దేశించినది భవనాలలో సాగు కాదు. నేలను లోతుగా వదులు చేసి వేర్లను కిందికి దింపడం. నేటి అర్థంలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డిక్సన్ డెస్పోమియర్. 1999లో తన విద్యార్థులతో న్యూయార్కు నగర మిద్దెలపై ఎంత ఆహారం పండించవచ్చునో లెక్క వేయించినప్పుడు ఆ పంట నగర అవసరాలలో స్వల్పభాగానికి మాత్రమే సరిపోతుందని తేలింది. మిద్దె చాలదు కనుక భవనం లోపలి అంతస్తులను కూడా వాడుకోవాలన్న ఆలోచన అక్కడి నుండి పుట్టింది.

తరువాతి కాలంలో రెండు ధోరణులు ఏర్పడ్డాయి. మొదటిది భవన శిల్పంలో మొక్కను చేర్చడం. 2010లో టోక్యోలోని పసోనా సంస్థ తన కార్యాలయ భవనంలో వరితో సహా రెండు వందలకు పైగా మొక్కల జాతులను పెంచింది. 2014లో ఇటలీలోని మిలాన్ నగరంలో బోస్కో వెర్టికాలె అనే జంట గోపురాల బాల్కనీలలో వందల సంఖ్యలో చెట్లు నాటారు. ఇవి పట్టణ వాతావరణాన్ని చల్లబరిచే నిర్మాణాలే గాని ఆహారోత్పత్తి కేంద్రాలు కావు. రెండవ ధోరణి మూసిన గదులలో ఎల్‌ఈడీ కాంతి కింద, పోషక ద్రావణంలో ఆకుకూరలు పండించే కర్మాగారాలు. వీటిలో పెట్టుబడులు వెల్లువెత్తాయి. ఫలితాలు అందుకు తగినట్లు రాలేదు. అమెరికాలో ఏరోఫార్మ్స్ సంస్థ 2023లో దివాలా రక్షణ కోరింది. బోవరీ సంస్థ 2024 చివరలో మూతపడింది. ప్లెంటీ సంస్థ 2025లో దివాలా రక్షణ కోరింది. తన ఆహారంలో తొంభై శాతానికి పైగా దిగుమతి చేసుకునే సింగపూరు, 2030 నాటికి ముప్పై శాతం పోషక అవసరాలు స్వయంగా పండించుకుంటామని 2019లో ప్రకటించి, 2025లో ఆ లక్ష్యాన్ని సవరించుకున్నది. భూమి లేని, ధనం ఉన్న నగరరాజ్యమే లక్ష్యాన్ని సవరించుకున్నప్పుడు, భూమి ఉన్న, ధనం లేని మన పురపాలక సంఘాలు ఎటు నడవాలో ఆలోచించవలసి ఉన్నది.

దీపం కింద పంట: ఒక లెక్క

ఈ వైఫల్యాలకు మూలం నిర్వహణ లోపాలలో కంటే కాంతి లెక్కలో ఎక్కువగా ఉన్నది. ఈ లెక్కను ప్రతి విద్యార్థి ఒకసారి స్వయంగా వేసి చూడాలి.

తెలంగాణలో చదరపు మీటరు నేలపై సంవత్సరం సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. అందులో దాదాపు 45 శాతం కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే కాంతి. కాంతి కణాల లెక్కలో అది రోజుకు సుమారు 37 మోళ్లు. ఒక మంచి ఎల్‌ఈడీ దీపం ఒక జౌల్ విద్యుత్తుకు 3 మైక్రోమోళ్ల కాంతినిస్తుంది. అంటే సూర్యుడు ఉచితంగా ఇచ్చే 37 మోళ్లను దీపంతో ఇవ్వాలంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 3.4 యూనిట్ల విద్యుత్తు కావాలి. వరి నాటు వేసిన తరువాత వంద రోజులు పొలంలో ఉంటుందనుకుంటే 340 యూనిట్లు. దిగుబడి చదరపు మీటరుకు ఒక కిలో, అనగా హెక్టారుకు 10 టన్నులు వచ్చిందని ఉదారంగానే భావిద్దాం. యూనిట్‌కు 7 రూపాయల చొప్పున ఒక కిలో వడ్లకు కాంతి ఖర్చే 2,380 రూపాయలు అవుతుంది. 2025-26లో సాధారణ రకం వరి ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. దీపం కింద ఒక కిలో వడ్లకు పెట్టే ఖర్చుతో సూర్యుని కింద పండిన ఒక క్వింటాలు వడ్లు కొనవచ్చునన్నమాట. పొలాస పరిశోధన స్థానం నుండి జగిత్యాల సన్నాలు వంటి రకాలు వచ్చిన ఈ ప్రాంతంలో ఇంతకంటే వివరణ అవసరం లేదు.

ఆకుకూరల లెక్క కొంత మెరుగు. పాలకూరకు రోజుకు 14 మోళ్ల కాంతి చాలుననుకుంటే 1.3 యూనిట్లు, ముప్పై రోజులకు 39 యూనిట్లు అవుతాయి. చదరపు మీటరుకు 3 కిలోలు కోసినా కిలోకు 13 యూనిట్లు, అనగా 91 రూపాయలు కాంతికే పోతుంది. వేసవిలో గదిని చల్లబరచే ఖర్చు, పంపులు, పోషక ద్రావణం, పెట్టుబడిపై వడ్డీ దీనికి అదనం. విమానంలో వచ్చే లెట్యూస్‌తో పోటీపడే నగరంలో ఈ ధర నిలబడవచ్చు. అంగడిలో కట్టల లెక్కన పాలకూర, తోటకూర అమ్మే రైతు మహిళతో పోటీపడే జగిత్యాలలోగాని, ధర్మపురిలోగాని ఇది నిలబడదు. ఎల్‌ఈడీ సాగు నీటిని చాలా పొదుపు చేస్తుందన్న మాట నిజమే. అయితే ఆ పొదుపు నీటికి బదులుగా మనం ఖర్చు చేసేది విద్యుత్తు. దానిలో అధికభాగం బొగ్గు నుండి వస్తున్నది.

అందువల్ల మూసిన గదిలో ఎల్‌ఈడీ సాగును రాయితీలతో చిన్న పట్టణాలకు తీసుకురావడాన్ని నేను సమర్థించలేను. ముఖ్యంగా, పట్టభద్రులైన యువతను అప్పు చేసి ఇటువంటి యూనిట్లు పెట్టమని ప్రోత్సహించే ముందు ఈ లెక్క వారి ముందు ఉంచడం అధ్యాపకుల బాధ్యత.

కాంతి అవసరం లేని నిలువు పంట

మూసిన గదిలో అంతస్తులుగా పండించడానికి మన ప్రాంతానికి సరిగ్గా సరిపోయే పంట ఒకటున్నది, అది పుట్టగొడుగు. దానికి సూర్యకాంతితో పనిలేదు. వరిగడ్డి దాని ఆహారం. జగిత్యాల, పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాలలో కోత యంత్రం వెళ్లిన తరువాత గడ్డిని పొలంలోనే కాల్చివేయడం సాధారణమైపోయింది. పది కిలోల ఎండు గడ్డి నుండి మంచి యాజమాన్యంలో ఐదు నుండి ఎనిమిది కిలోల వరకు ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పొందవచ్చు. సంచులను పైకప్పు నుండి వరుసలుగా వేలాడదీస్తే పది అడుగుల గది ఎత్తంతా పంటకు ఉపయోగపడుతుంది. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ముత్యపు చిప్ప రకం, వేడిని తట్టుకునే పాల పుట్టగొడుగు వేసవిలో వేసుకోవచ్చు; వేసవిలో గాలిలో తేమ నిలపడమే అసలు కష్టం. నిలువు సాగు అంటే లెట్యూస్ అనే ఊహను పక్కన పెడితే, ఉత్తర తెలంగాణ వరి ప్రాంతానికి నిజమైన నిలువు సాగు గడ్డి మీద పెరిగే పుట్టగొడుగే.

మన గోడలు, మన సూర్యుడు

ఎండతో పండే నిలువు సాగుకు ఒక మౌలిక పరిమితి ఉన్నది. మొక్కలను ఎన్ని వరుసలుగా పేర్చినా సూర్యుడు అదనంగా కాంతి ఇవ్వడు. ఒక నిర్మాణం నేలపై ఎంత నీడ వేస్తుందో అంత కాంతినే అది పట్టుకుంటుంది. కాబట్టి వరుసలు పెంచితే పంట అన్ని రెట్లు పెరుగుతుందనడం తప్పు. పై వరుస కింది వరుస కాంతిని, మన గోడ పొరుగువారి కాంతిని తీసుకుంటాయి. సాగు విషయంలో వాస్తుశిల్పి, వ్యవసాయ శాస్త్రవేత్త కలిసి కూర్చోవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ధర్మపురి దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ సూర్యుడు సంవత్సరంలో రెండుసార్లు, మే నెల నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి, నడినెత్తిపైకి వస్తాడు. ఈ రెండింటి మధ్య మధ్యాహ్న సూర్యుడు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ కాలంలో దక్షిణపు గోడకు మధ్యాహ్నం నేరుగా ఎండ తగలదు. డిసెంబరు చివరలో మాత్రం మధ్యాహ్న సూర్యుడు దక్షిణ దిశలో దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడకు దాదాపు నేలతో సమానంగా ఎండ పడుతుంది. దీని ఆచరణాత్మక అర్థం స్పష్టం. మన ప్రాంతంలో దక్షిణపు గోడ యాసంగి పొలం వంటిది. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు దానిపై మెంతి, కొత్తిమీర, పాలకూర, పుదీన, చిన్న కుండీలలో టమాట పెంచుకోవచ్చు. తూర్పు గోడకు ఉదయపు లేత ఎండ ఏడాది పొడవునా లభిస్తుంది. ఆకుకూరలకు ఇదే అన్నిటికంటే మేలైన గోడ. పడమటి గోడ వేసవి సాయంత్రాలలో మొక్కను మాడుస్తుంది, గదిని కాలుస్తుంది. అక్కడ చిన్న కుండీల వరుస పెట్టడం కంటే గోడకు రెండడుగుల దూరంలో తీగపందిరి వేయడం ఉత్తమం. దొండ, బచ్చలి, చిక్కుడు, కాకర తీగలు ఆ ఎండను తమ మీద వేసుకొని గోడకు నీడనిస్తాయి.

ఇది మనకు కొత్త విద్య కాదు. ఇంటి నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన భవంతి ఇళ్లలో, పెంకుటిళ్ల పెరళ్లలో సోర తీగ కప్పెక్కడం, వాకిట చిక్కుడు పందిరి ఉండడం ఒక తరం క్రితం వరకు సర్వసాధారణం. పెరడు ఇంటి నిర్మాణంలో ఒక భాగంగా ఉండేది. స్థలం విలువ పెరిగి, గోడ నుండి గోడ వరకు కట్టే అలవాటు వచ్చిన తరువాత పెరడు పోయింది. ఇంటి ప్రణాళికలో దాని స్థానంలో ఏదీ రాలేదు. నేడు నిలువు సాగు పేరుతో మనం అడగవలసినది ఆ ఖాళీని పూరించడమే. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారులోని తమ ఇంటి కప్పుపై మడులు కట్టి కూరగాయలు, పండ్ల మొక్కలు పెంచి, ‘మిద్దెతోట’ అన్న మాటను వేల మంది తెలుగు పాఠకుల వాడుకలోకి తెచ్చారు. ఉద్యాన శాఖ ‘మన ఇల్లు - మన కూరగాయలు’ పేరుతో రాయితీపై సామగ్రి అందించింది. ఈ ప్రయత్నాలు అభినందనీయం. అయితే వీటిలో అధికభాగం కట్టిన ఇంటికి తరువాత మొక్కను చేర్చేవి. కట్టబోయే ఇంట్లోనే మొక్కకు చోటు చూపడం ఇంకా మొదలు కాలేదు.

బరువు, నీరు, కోతి

మొదటి అడ్డంకి బరువు. భారతీయ ప్రమాణాల ప్రకారం మనుషులు తిరిగే పైకప్పును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వినియోగ భారానికి లెక్కిస్తారు. తడిసిన మట్టి ఘనమీటరు 1,800 నుండి 2,000 కిలోలు తూగుతుంది. అంటే పదిహేను సెంటీమీటర్ల మందంలో పరిచిన మట్టి, వాన పడినప్పుడు చదరపు మీటరుకు 270 నుండి 300 కిలోలు అవుతుంది. ఇది లెక్కించిన భారానికి రెండింతలు. కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్టు, కొద్దిగా మట్టి కలిపిన మిశ్రమం ఇందులో దాదాపు సగం మాత్రమే తూగుతుంది. అయినా అది అనుమతించిన భారాన్ని అంచు వరకు వాడుకుంటుంది. కాబట్టి పాత ఇళ్లపై మడులను బీములు, గోడల మీదుగా మాత్రమే, పైకప్పులో మూడోవంతుకు మించకుండా పెట్టాలి. కొత్త ఇళ్లలో ఎంపిక చేసిన భాగానికి చదరపు మీటరుకు 300 కిలోల అదనపు భారం ముందే లెక్కలో చేర్చితే సమస్య ఉండదు. ఆ భాగాన్ని పిల్లర్ల దగ్గరగా తీసుకుంటే అదనపు ఇనుము ఖర్చు మొత్తం నిర్మాణ వ్యయంలో స్వల్పమే. చిన్న పట్టణాలలో ఎన్నో ఇళ్లకు నిర్మాణ ఇంజనీరు ఉండడు. మేస్త్రీ అనుభవమే లెక్క. అందువల్ల ఈ విషయంలో మన విస్తరణ సందేశం ముందుగా చేరవలసినవాడు ఇంటి యజమాని కాదు, మేస్త్రీ.

రెండవది నీరు. వేసవిలో ఇరవై చదరపు మీటర్ల మడులకు రోజుకు ఆరు మిల్లీమీటర్ల చొప్పున 120 లీటర్లు కావాలి. మిషన్ భగీరథలో పురపాలక పట్టణాలకు నిర్దేశించిన పరిమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే ఒక మిద్దెతోట వేసవిలో దాదాపు ఒక మనిషి నీటిని తాగుతుంది. ఏప్రిల్, మే నెలలలో కూడా మిద్దె నిండా పచ్చగా ఉండాలని ప్రచారం చేయడం ఈ కారణంగా బాధ్యతారహితం. వేసవిలో మడుల విస్తీర్ణాన్ని నాలుగోవంతుకు తగ్గించి, దొండ, కరివేపాకు, మునగ వంటి బహువార్షికాలను షేడ్‌నెట్ కింద నిలుపుకొని, మిగిలిన మడులకు గడ్డి కప్పి విశ్రాంతినివ్వడం సరైన పంటల ప్రణాళిక. వంద చదరపు మీటర్ల పైకప్పుపై వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, ఐదోవంతు వృథా పోయినా 80 వేల లీటర్లు దిగుతాయి. ఇందులో ఐదు వేల లీటర్లను నేలతొట్టిలో నిలుపుకోగలిగితే, తగ్గించిన వేసవి మడులకు ఐదు నెలలకు పైగా సరిపోతాయి. నీటితొట్టి, మడి, మురుగు గొట్టం, వాటర్ ప్రూఫింగ్ నాలుగూ ఒకే గీతపటంలో ఉండాలి. విడివిడిగా వచ్చినప్పుడే స్లాబు కారుతుంది. కారిన మరుసటి రోజే మిద్దెతోట దిగిపోతుంది.

మూడవది, విదేశీ గ్రంథాలలో ఎక్కడా కనబడనిది, కోతి. ఉత్తర తెలంగాణలో కోతుల బెడద వల్ల కూరగాయలు, పల్లి, మక్క సాగు మానుకున్న రైతులు ఎందరో ఉన్నారు. నిర్మల్ సమీపంలోని చించోలి వద్ద 2020లో కోతుల పునరావాస కేంద్రాన్ని నెలకొల్పవలసి వచ్చిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పుణ్యక్షేత్రాలలో కోతి ఇంటి కప్పు మీదనే కాపురముంటుంది. జాలీ లేని మిద్దెతోటను ధర్మపురిలో సిఫారసు చేయడం కోతులకు వడ్డించడమే. పిట్టగోడపై ఇనుప చట్రం బిగించడానికి కావలసిన కడ్డీలను నిర్మాణ సమయంలోనే వదిలిపెడితే, జాలీ, షేడ్‌నెట్, తీగపందిరి మూడింటికీ ఒకే చట్రం సరిపోతుంది. కాకర, పసుపు, అల్లం, మిరప వంటివాటిని కోతులు తక్కువగా పాడుచేస్తాయని రైతుల అనుభవం. వాటిని చట్రం వెలుపల పెట్టవచ్చు. ఏయే పంటలను కోతి వదిలిపెడుతుందో పద్ధతి ప్రకారం పరీక్షించడం మన విద్యార్థులకు మంచి పరిశోధనాంశం.

ఎందుకు చేయాలి?

ఇన్ని పరిమితులు చెప్పిన తరువాత, ఇంత శ్రమ ఎందుకు అన్న ప్రశ్న సహజం. ఆహార భద్రత కోసం కాదు. ఆ బాధ్యత పొలానిది. పోషణ కోసం, చల్లదనం కోసం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 సంవత్సరాల మహిళలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచించింది. కాలువ కింద వరి విస్తరించిన మన జిల్లాలలో అన్నం సమృద్ధి, కూర తక్కువ. ఉల్లిగడ్డ మహారాష్ట్ర నుండి, ఆలుగడ్డ ఆగ్రా నుండి వస్తున్నవి. పది చదరపు మీటర్ల మడులలో తోటకూర, పాలకూర, గోంగూర, మెంతి మార్చి మార్చి వేస్తే నెలకు చదరపు మీటరుకు ఒక కిలో చొప్పున పది కిలోలు, అనగా రోజుకు 330 గ్రాములు వస్తాయి. నలుగురి కుటుంబానికి ఆకుకూర మట్టుకు ఇది దాదాపు సరిపోతుంది. కోసిన గంటలోనే వండిన ఆకుకూరలో విటమిన్ల నష్టం తక్కువ. మందుల అవశేషాల భయం ఉండదు.

చల్లదనం మాట తీసుకుంటే, వేసవిలో 45 డిగ్రీలు చూసే ఈ ప్రాంతంలో స్లాబు కింద పడుకునేవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపై స్థలాలలోని కొత్త నివాస గృహాలకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. చిన్న పట్టణాలలో అధికశాతం ఇళ్లు ఆ పరిమితికి లోబడినవే. కప్పులో రెండు వంతులకు తెల్లని పూత, ఒక వంతుకు మడులు, పడమర పందిరి అనే మేళవింపు ఈ ఇళ్లకు తగినది.

ధర్మపురికి మరొక ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. దేవాలయానికి నిత్యం పూలు, తులసి కావాలి. పూజ ముగిసిన నిర్మాల్యం నదిలోకి చేరకూడదు. సత్రాల కప్పులపై తులసి, బంతి, కనకాంబరం పెంచి, నిర్మాల్యాన్ని దారాలు, ప్లాస్టిక్ ఏరివేసి వర్మి కంపోస్టుగా మార్చి తిరిగి అవే మడులకు వేస్తే, ఒక చిన్న చక్రం పూర్తవుతుంది. కోతి తులసి జోలికి పెద్దగా రాదు. పూలు కూరగాయల కంటే మంచి ధర పలుకుతాయి. పుష్కరాలకు కట్టే వసతి గృహాలలో ఒక్క దానినైనా ఇటువంటి నమూనాగా కట్టగలిగితే, అక్కడికి వచ్చే లక్షలాది యాత్రికులలో కొందరైనా ఆ ఆలోచనను తమ ఊరికి తీసుకువెళతారు.

ఈ ప్రతిపాదనపై న్యాయమైన అభ్యంతరాలు రెండు ఉన్నాయి. మిద్దె ఉన్నవారికే మిద్దెతోట. అద్దెకుండేవారికి, రేకుల ఇళ్లవారికి ఏమిటి? ఈ కారణంచేతనే ప్రభుత్వ ధనం ముందుగా అంగన్‌వాడీలు, సంక్షేమ వసతి గృహాలు, పాఠశాలలకు వెళ్లాలి. అక్కడ నేల ఉంటే నేల మీదనే పండించాలి. నేల ఉన్నచోట మిద్దె ఎక్కడం అనవసరమైన ఖర్చు. రెండవ అభ్యంతరం మరింత తీవ్రమైనది. పంట భవనాలపై పండుతుందన్న మాట, ఊరి చుట్టూ ఉన్న పొలాలను ప్లాట్లుగా మార్చడానికి సాకు కాగలదు. ఎకరం కూరగాయల తోటను లేఅవుటుగా మార్చి, దానిపై కట్టిన ఇళ్లకు నాలుగు పచ్చని గోడలు పెట్టి, హరిత నగరమని పిలుచుకోవడం సాధ్యమే. ఎకరం పొలానికి మిద్దెతోట ఎన్నటికీ ప్రత్యామ్నాయం కాదని వ్యవసాయ విశ్వవిద్యాలయమే స్పష్టంగా చెప్పాలి. పట్టణ శివారు కూరగాయల భూములను కాపాడటం మొదటి మెట్టు; పెరడు రెండవది; పందిరి, గోడ, మిద్దె ఆ తరువాతివి; మూసిన గది చివరిది, అదీ పుట్టగొడుగుకు, నారుకు మాత్రమే.

మన వంతు

ఈ విషయం నేడు ఎవరిదీ కాకుండా ఉన్నది. పంట వ్యవసాయ శాస్త్రానిది, కూరగాయ ఉద్యానశాస్త్రానిది, స్లాబు సివిల్ ఇంజనీరుది, అనుమతి పురపాలక సంఘానిది, వంట గృహ విజ్ఞానానిది. ఎవరి గీతపటంలోను పూర్తి బొమ్మ లేదు. కనుక నా సూచనలు ఇవి.

మన కళాశాల లేదా పరిశోధన స్థానం భవనాలలో ఒక కప్పును, నాలుగు గోడలను ప్రయోగక్షేత్రంగా ప్రకటించి కనీసం మూడు సంవత్సరాలు కొలతలు తీయాలి. ప్రతి గోడకు నెలవారీగా అందే కాంతి, స్లాబు కింది గది ఉష్ణోగ్రత, మడికి పట్టిన నీరు, తడి బరువు, దిగుబడి, మనిషి గంటలు, కోతుల నష్టం ఇవన్నీ రాయాలి. నేడు మిద్దెతోట గురించి మనం ఇచ్చే సలహాలు అధికభాగం పొలం కొలతల నుండి, లేదా ఉత్సాహవంతుల అనుభవం నుండి తీసుకున్నవే. స్లాబు మీది మొక్క పొలంలోని మొక్క కాదు. దాని వేరు మండలం వేసవి మధ్యాహ్నం పొలం మట్టి ఎన్నడూ ఎరగని వేడిని చూస్తుంది. మన ప్రాంతపు అంకెలు లేకుండా సిఫారసుల పట్టిక తయారు చేయకూడదు.

కృషి విజ్ఞాన కేంద్రాలు, విస్తరణ శాస్త్రవేత్తలు పురపాలక సంఘ అధికారులతో కలిసి మేస్త్రీలకు ఒక్కరోజు శిక్షణ ఏర్పాటు చేయాలి. ఒక్క పేజీ చాలు: మడులు ఎక్కడ, ఎంత బరువు, వాలు ఎటు, గొట్టం ఎక్కడ, జాలీ కడ్డీలు ఎక్కడ. 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి పురపాలక సంఘం తన బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలి. అందులో కొద్ది భాగాన్ని రోడ్డు పక్క మొక్కలతోపాటు ప్రభుత్వ భవనాల కప్పులకు మళ్లించవచ్చు. స్వీయ ధ్రువీకరణతో ఇచ్చే భవన అనుమతి దరఖాస్తులో ‘సాగుకు అనువైన కప్పు భాగం, లెక్కించిన భారం’ అన్న ఒక్క గడి చేర్చితే, నిర్బంధం లేకుండానే ఇంటి యజమాని, ఇంజనీరు దాని గురించి ఆలోచించక తప్పదు.

విద్యార్థులకు ఒక మాట. నిలువు సాగుపై సెమినారు ఇచ్చేటప్పుడు దూరదేశపు గాజు గోపురాల చిత్రాలతోపాటు మీ ఊరి ఒక ఇంటి కొలతలు తీసుకురండి. దాని గోడలు ఏ దిక్కుకు ఉన్నాయి, కప్పు ఎంత మోస్తుంది, వేసవిలో నీరు ఎంత వస్తుంది, ఆ ఇంట్లో వారానికి ఎన్ని రోజులు ఆకుకూర వండుతారు అన్న నాలుగు అంకెలు చెప్పండి. ఆ అంకెల మీద నిలిచే సిఫారసే ఇంటివారికి ఉపయోగపడుతుంది.

2027 పుష్కరాలకు ఇక మిగిలిన కాలం స్వల్పం. ఆలోగా ధర్మపురిలో పోసే స్లాబులలో కొన్నింటినైనా పంటను మోయగలిగేట్లు కట్టించగలిగితే, వాటిపై మొదటి మడి వెంటనే వేయకపోయినా నష్టం లేదు. మోయగలిగిన కప్పుపై ఎప్పుడైనా విత్తవచ్చు. మోయలేని కప్పుపై ఎన్ని పథకాలు ప్రకటించినా విత్తలేము.